నన్ను నిలబెట్టిన బిగుతు

హిందూపురం స్టేషన్‌లో రైలు దిగి నడుస్తుండగా, వెనుక నుంచి ఒక పెద్దాయన కేక వేశారు. "ఏమమ్మా టీచరమ్మా, ఒక చెప్పు యాడ వదిలేసి పోతాండావు?"

చూసుకుంటే నా ఎడమ కాలికి చెప్పు లేదు. పాదానికి గులకరాళ్లు అంటుకుని ఉన్నాయి. చెప్పు జారిన సంగతి గానీ, నేల వేడి గానీ నాకు తెలియలేదు. ఆయనతోపాటు నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నల్లబల్ల ముందు నిలబడినంతసేపూ, ఆ కాలు నాదేనా అన్న అనుమానం నన్ను వదలలేదు.

నేను హిందూపురంలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో కామర్స్ అధ్యాపకురాలిని. ఇల్లు ధర్మవరం. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు, అమ్మ పట్టుదారం కండెలకు చుడుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కనుక నా జబ్బును కూడా నేనే చదివి అర్థం చేసుకోవాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి నాకు అర్థమైనది చాలా తక్కువ.

మొదట ధర్మవరంలోని డాక్టరు నా కాళ్ల తిమ్మిరి చూసి, విటమిన్ బి ట్వెల్వ్ తక్కువగా ఉందని ఇంజెక్షన్లు ఇచ్చారు. తిమ్మిరి కొంత తగ్గింది. ఆ తర్వాత చూపు ఒక కంట్లో మసకబారింది, కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. బెంగళూరులో ఎం.ఆర్.ఐ. తీశారు, నడుము నుంచి నీరు తీసి పరీక్షించారు. న్యూరాలజిస్టు ఫిల్ములను వెలుగుకు పట్టి చూపించారు. "ఇది మల్టిపుల్ స్క్లీరోసిస్ అమ్మా. నరాల మీది తొడుగు అక్కడక్కడ దెబ్బతింది. క్యూర్ లేదు, కంట్రోల్ ఉంది."

స్టీరాయిడ్ డ్రిప్పుతో చూపు తిరిగి వచ్చింది. జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా వేరే మందు మొదలుపెట్టారు. కాళ్ల బిగుతు మాత్రం పోలేదు. దానిని స్పాస్టిసిటీ అంటారని చెప్పి, బాక్లోఫెన్ అనే మాత్ర రాశారు. మాత్ర వేసుకుంటే మగత, వేసుకోకపోతే పిక్కలు పట్టేయడం. నిలబడి పాఠం చెప్పగలిగితేనే నాకు ఉద్యోగం. అప్పట్లో నా ఆలోచనంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగేది.

సహోద్యోగిని ఒకరు పెనుకొండలోని ఒక ఆయుర్వేద వైద్యుని గురించి చెప్పారు. ఆయన నా ఫైలంతా ఓపికగా చూసి, ఒక నూనె మందు రాశారు. "మేము దీనిని విజయ అంటాము. గంజాయి మొక్క ఆకు నుంచి తీసిన సారం. చీటీ లేకుండా కొనకూడదు. మీరు బాక్లోఫెన్ వాడుతున్నారు కాబట్టి మీ న్యూరాలజిస్టుకు తప్పకుండా చెప్పండి."

సీసా చూసి నాయన మగ్గం ఆపేశారు.

"ఇది గంజాయా పాపా?"

"ఆకు నుంచి తీసిన మందు నాయనా. చీటీ ఉంది."

"ముదిగుబ్బ కాడ పోలీసులు బస్సు ఆపి సంచులన్నీ దులిపినారంట. నీ సంచిలో ఇది దొరికితే, నీ చీటీ సదివే ఓపిక ఎవురికి ఉంటాది?"

మంచం మీద నుంచి అవ్వ అందుకుంది. "సాధువులు తాగేది కదా అది? పెండ్లి మాటెత్తితే మొగం తిప్పుకుంటాది. ఇంగ సన్యాసమే!"

"నువ్వు గమ్మునుండు అవ్వా," అని అమ్మ కసిరింది. కానీ ఆమె ముఖంలోనూ భయం కనిపించింది.

నేను చదవడం మొదలుపెట్టాను. ఆ మొక్కలో టీ.హెచ్.సీ. అనేది మత్తు కలిగిస్తుందని, సీ.బీ.డీ. అనేది అలా మత్తు కలిగించదని తెలిసింది. మన శరీరమే అలాంటి పదార్థాలను కొంత తయారు చేసుకుంటుందని, వాటిని అందుకునే రిసెప్టర్లు మెదడులో, నరాలలో ఉంటాయని చదివాను. ఒకచోట నొప్పికి మంచిదని రాశారు, మరొకచోట జ్ఞాపకశక్తికి చెడ్డదని రాశారు. మొక్క ఒక్కటే, కానీ చట్టం లెక్కలో ఆకు మందు, పూత నేరం. చదివేకొద్దీ నా అయోమయం పెరిగింది. న్యూరాలజిస్టుకు చెబుతానంటే నాయన ఒప్పుకోలేదు. "పెద్దాసుపత్రిలో ఆ పేరు ఎత్తొద్దు తల్లీ," అన్నారు. తర్వాతిసారి వెళ్లినప్పుడు చెబుదామని ఊరుకున్నాను.

రోజూ పొద్దున రైలుకు బయలుదేరే ముందు, ఖాళీ కడుపున చుక్కలు వేసుకునేదాన్ని. పిక్కలు పట్టడం తగ్గింది, నిద్ర కుదిరింది. అయితే అప్పుడప్పుడు నల్లబల్ల ముందు నిలబడి ఉండగా మోకాలు ఉన్నట్టుండి మడత పడేది. ఇది జబ్బు ముదరడమా, మందు పని చేయడమా? చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

ఒక ఆదివారం నాయన మగ్గానికి ఎక్కించిన పడుగులోని చివరి చీర కోశారు. అలా పడుగు పూర్తయిన రోజు మా ఇంట్లో ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేస్తారు. మగ్గానికి నైవేద్యం పెట్టి, ఇంట్లోవాళ్లు తీపితో నోరు తెరవాలి. అంతకుముందు చేదు, మందు ఏదీ నాలుకకు తగలకూడదు.

"ముందు ఓళిగ తిను, మందు యాడికీ పోదు," అని అమ్మ నా పళ్లెంలో ఓళిగల మీద నెయ్యి ధారగా పోసింది. తృప్తిగా తిన్నాను. ఆ తర్వాత రోజూ వేసుకునే కొలతే వేసుకున్నాను.

మధ్యాహ్నానికి నోరెండిపోయింది. గుండె దడదడలాడింది. లేవబోతే రెండు కాళ్లూ తడి నూలు పోగుల్లా జారిపోయాయి. అమ్మ నన్ను పిలవడం, నేను పలకడం మధ్య చాలాసేపు గడిచినట్లు అనిపించింది. నాకు నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది.

"దిష్టే ఇది," అంది అవ్వ.

"దిష్టి కాదు, ఆ జబ్బే తిరగబెట్టినాది," అంటూ నాయన ఆటో కోసం పరుగెత్తారు.

ధర్మవరంలోని ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఫైలు తిరగేశారు. "రిలాప్స్ లాగుంది. స్టీరాయిడ్ మొదలుపెట్టాలేమో. కొత్తగా ఏ మందైనా వాడుతున్నారా?"

నాయన అమ్మ వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నాకు మాట కూడదీసుకోవడమే కష్టంగా ఉంది. అమ్మ కొంగు ముడి విప్పి సీసాను డాక్టరు చేతిలో పెట్టింది. "ఇదప్పా మా పాప ఏసుకునేది. తప్పో ఒప్పో మాకు తెల్దు. పోలీసులకు చెప్పాలంటే నా పేరు చెప్పు."

డాక్టరు లేబుల్ చదివి, నా ఎర్రబడిన కళ్లలోకి టార్చి వేశారు. "పోలీసులతో నాకేం పని పెద్దమ్మా? పాపకు స్టీరాయిడ్ ఎక్కించాలా, వద్దా? నాకు తెలియాల్సింది అదే." ఈ.సీ.జీ. తీశారు. షుగర్ చూశారు. సెలైన్ డ్రిప్ పెట్టి, స్టీరాయిడ్ ఇవ్వకుండా కనిపెట్టి ఉన్నారు. మర్నాటికి కాళ్లలోకి పాత బిగుతు తిరిగి వచ్చింది. బిగుతు వచ్చినందుకు ఇంటిల్లిపాదీ సంతోషించడం అదే మొదటిసారి.

బెంగళూరులో న్యూరాలజిస్టు మందలించలేదు. "అది జబ్బు తిరగబెట్టడం కాదు, నూనె ఎక్కువ పట్టడం. ఈ మందు కొవ్వులో కరుగుతుంది. ఖాళీ కడుపున ఒంటికి పట్టేది కొద్దిగానే. నెయ్యితో తింటే అదే కొలత ఎన్నో రెట్లు పట్టవచ్చు. ఇంకొకటి. మీ కాళ్లలో బలం తక్కువ, ఇన్నాళ్లూ మీరు నిలబడింది ఆ బిగుతు మీదే. బాక్లోఫెన్ దాన్ని కొంత వదులు చేసింది, మిగిలింది ఈ నూనె వదులు చేసింది."

ఏ బిగుతును పోగొట్టుకోవాలని ఇంత తిరిగానో, అదే నన్ను నిలబెడుతోందట. ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు నూనె ఆపేశాను. న్యూరాలజిస్టు, పెనుకొండ వైద్యుడు ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని, బాక్లోఫెన్ కొలత మార్చి, ఫిజియోథెరపీ రాశారు. నూనె మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. కొందరికి మేలు చేస్తుందని న్యూరాలజిస్టే అన్నారు. ఆ కొందరిలో నేనున్నానో లేదో ఆయనకూ తెలియదు. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టించినది నూనేనా, లేక జబ్బు తనంతట తాను నెమ్మదించిందా అన్నదీ తెలియదు. చేతికర్రతో రైలెక్కుతున్నాను. కళాశాలవారు కింది అంతస్తులో గది ఇచ్చారు. సగం పాఠం కూర్చుని, సగం నిలబడి చెబుతున్నాను.

తోటి రోగులకు నేను చెప్పగలిగినది ఒక్కటే. మీరు వాడేది ఆకు మందైనా, దాని పేరు పలకడానికి సిగ్గైనా, భయమైనా, సీసాను అలాగే తీసుకెళ్లి మీకు వైద్యం చేసే ప్రతి డాక్టరు బల్ల మీదా పెట్టండి. దానిని ఏ తిండితో, ఏ వేళ వేసుకుంటున్నారో కూడా చెప్పండి. అడిగేదాకా ఆగకండి. అడిగే సమయానికి మీకు మాట రాకపోవచ్చు.