ఐస్ యూసుఫ్‌కు మరో పేరు

మీ ఊళ్లో ఒక మనిషి తన గురించి నిజం చెబితే, అబద్ధమని నవ్విన గుంపులో మీరు ఎన్నిసార్లు నిలబడ్డారు? నేను నిలబడ్డాను. అందుకే అడుగుతున్నాను.

మొన్న మా బాన్సువాడ బస్టాండు ముందు చెరుకురసం బండివాడు ఐస్ గడ్డను సుత్తితో కొడుతుంటే, నాలుగు పలుకులు ఎగిరి నా ముంజేతి మీద పడ్డాయి. ఆ చల్లదనం తగలగానే మా యూసుఫ్ సార్ గుర్తొచ్చారు.

ఆయన మా బడిలో ఆటల మాస్టారు. అంతకుముందు సైన్యంలో ఉండి, లద్దాఖ్‌లో ఐస్ హాకీ నేర్చుకున్నారు. గడ్డకట్టిన చెరువు మీద, ఇనుప బ్లేడ్లున్న బూట్లు తొడుక్కుని, కర్రతో నల్లటి రబ్బరు బిళ్లను కొట్టే ఆట అది. మన దేశంలో ఆ ఆట ఇంకా బుడిబుడి అడుగులు వేస్తున్న రోజుల్లో ఆయన తన దళం జట్టుకు గోల్‌కీపర్. చలికాలమంతా ఆడటమే ఆయన డ్యూటీ, జీతం కూడా దానికే. మోకాలు విరిగాక ఇంటికి వచ్చేశారు.

మా ఊళ్లో ఐస్ అంటే పుల్లఐసు. అందుకే 'ఐస్ హాకీ ఆడెటోణ్ణి' అని ఆయన చెప్పిన మాట రెండు వీధులు దాటేసరికి 'మిలట్రీల ఐస్ అమ్మెటోడు' అయిపోయింది.

"ఐస్ యూసుఫ్ భాయ్, ఒక ఆరెంజ్ ఐస్ ఇయ్యరాదు!" అని బడి గేటు దగ్గర వెక్కిరించేవారు. నవ్వే గుంపులో నేనూ ఉండేదాన్ని.

"ఆరెంజ్ అయిపోయింది. పాలైస్ తింటవా?" అనేవారు ఆయన.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు లేచి నిలబడి, "సార్, మీరు నిజంగా ఆడారనడానికి సాక్ష్యమేంటి?" అన్నాను. మన బడుల్లో తల ఊపడం వినయం, సాక్ష్యం అడగడం పొగరు. ఆ సంగతి తెలుసు కాబట్టి, అడిగిన వెంటనే బెత్తం దెబ్బ కోసం చెయ్యి కూడా చాపేశాను.

"చెయ్యెందుకు చాపినవ్ బిడ్డా? అడిగితే కొడ్తరా ఎవలన్న?" అన్నారు సార్. "నా మాట నమ్మకు. ఎవ్వల మాట ఊకెనే నమ్మకు. చూసినంకనే చెప్పు."

"ఇక్కడ మంచు ఎక్కడుంది సార్?"

"గదే నాకు గూడ ఫికర్!"

ఇంటికెళ్లి మా నాన్నకు చెప్పాను. కాలువ కింద పొలాల కోసం కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మాది. నాన్నకు రైసుమిల్లు ఉండేది. యూసుఫ్ సార్‌ను చూసి నవ్వేవాళ్లలో ఆయనే ముందు.

మర్నాడే బడికి వచ్చారు. "ఏవయ్యా యూసుఫ్, మా పిల్లకి కూడా కోతలు నేర్పుతున్నావా? ఐస్ నేను తెప్పిస్తా. మా మిల్లు కల్లంలో తొక్కి చూపించు. చూపించలేకపోతే ఈ కబుర్లు బళ్లో మళ్లీ చెప్పకు."

"తెప్పియ్యన్నా," అన్నారు సార్. "జర మందం గడ్డలు చూసి తెప్పియ్."

ఆదివారం నిజాంసాగర్ చేపలకు ఐస్ పంపే ఫ్యాక్టరీ నుంచి పెద్ద పెద్ద గడ్డలు వచ్చాయి. సిమెంటు కల్లంలో ఊక మందంగా పరిచి, వాటిని రెండు వరుసలుగా పేర్చారు. చుట్టూ జనం. సార్ మోకాలికి గుడ్డ బిగించి, తుప్పు తుడిచిన పాత బ్లేడ్ల బూట్లు తొడుక్కున్నారు.

మిల్లులో పనిచేసే ముసలామె, "నిమ్మకాయ కట్టుకో కొడుకా, దిష్టి తగుల్తది," అంది.

"నిమ్మకాయెందుకవ్వా, బూటు లేసే ఇంకింత గట్టిగ కట్టుకుంట."

రెండడుగులు వేశారు. మూడోది అడుగు కాదు. కుంటుతూ నడిచే ఆ మనిషి ఒక్కసారిగా తేలిపోతూ సాగి, చివరి గడ్డ అంచున పక్కకు తిరిగి ఆగిపోయారు. బ్లేడు కోసిన మంచు పొడి ఎగిరి మా నాన్న మీసాల మీద పడింది.

"వార్నీ!" అన్నారు నాన్న. ఈలలు మోగాయి.

నేను ఊరుకోలేదు. "సార్, మీకు జారడం వచ్చని తెలిసింది. జట్టులో ఆడారని తెలియలేదు కదా?"

నాన్న నా మీద చెయ్యెత్తారు. సార్ ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఆగన్నా. పిల్ల సక్కగ అడిగింది. దానికి నా తాన సాక్ష్యం లేదు బిడ్డా. ఆడికే పోయి అడుగు."

నేను వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆయన పోయిన రెండేళ్లకు, కిందటి చలికాలం లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లాను. ఆట మైదానంలో ఒక ముసలాయన మంచు పగుళ్లలో బకెట్‌తో నీళ్లు పోస్తున్నాడు. 'యూసుఫ్' అన్నాను. ఆయనకు తెలిసిన యూసుఫ్‌లు చాలామంది. మోకాలు విరిగిన గోల్‌కీపర్ అన్నాను. అలాంటివాళ్లూ చాలామందే. చివరికి, నాకు వచ్చిన హిందీలో, "బాన్సువాడ అని ఒక ఊరు..." అన్నాను.

ముసలాయన బకెట్ కింద పెట్టేశాడు.

"బాన్సువాడ! అది ఊరి పేరా? మేం ఆయన్నే అలా పిలిచేవాళ్లం. గోల్ ముందు బాన్సువాడ నిలబడితే బిళ్ల లోపలికి పోయేదా!" అంటూ రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఒకప్పుడు గట్టు మీద నుంచి అరిచినట్టే అరిచాడు: "బాన్సువాడ, రోకో!"

ఆ మంచు మైదానంలో మా ఊరి పేరు మారుమోగింది. మేం ఐస్ అని వెక్కిరించిన మనిషి, అక్కడ మా ఊరి పేరునే తన పేరుగా మోశారు. ఆ ముక్క మాకెప్పుడూ చెప్పలేదు. సాక్ష్యం లేని మాట కదా!

ఇవాళ ఎంత పెద్దవాళ్లనైనా 'రుజువేది?' అని అడుగుతున్నాను. దెబ్బ కోసం మాత్రం చెయ్యి చాపడం లేదు. ఇది ఆయన పెట్టిన భిక్ష.

మీరు నవ్విన మనిషి ఇంకా బతికే ఉంటే, ఇవాళే ఆ గడప ఎక్కండి. 'చూపించండి' అని అడగండి. చూశాక, ఏ గేటు దగ్గర నిలబడి నవ్వారో అక్కడే నిలబడి, చూసింది గట్టిగా చెప్పండి.