దేవుడు లేని గుడి ముందు విప్పిన చెప్పులు

అమెరికా పెద్దమనుషులు నలభై మందిని ఒకేసారి మండుటెండలో ఉత్త కాళ్లతో గంతులేయించిన ఘనుడు ఎవరైనా మీకు తెలుసా? తెలియకపోతే పరిచయం చేసుకుంటాను. అది నేనే. అమెరికాలోని మా శాన్ రామన్‌లో ఇప్పటికీ ఏ పాట్‌లక్ విందుకి వెళ్లినా, గుమ్మం దగ్గర నేను షూ లేసు మీద చెయ్యి వేయగానే లోపల నవ్వులు మొదలవుతాయి. ఆ అప్రతిష్ఠ నాకు ఎలా వచ్చిందో నేనే చెప్పేస్తే నయం. వేరేవాళ్లు చెబితే యాభై మంది అంటారు.

అప్పటికి మాకు పెళ్లయి ఎనిమిది నెలలు. మా ఆవిడ శ్రావ్య బాబాయి, అంటే నాకు మామయ్యగారు, తెనాలిలో హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి, మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఆయనకు జీవితంలో ఒకే కోరిక మిగిలింది. ముప్పై ఏళ్లు పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పిన గ్రీకు గుడిని ఒక్కసారి చుట్టూ తిరిగి, ఒక్కో స్తంభాన్నీ చేత్తో తడిమి చూడాలి. సాఫ్ట్‌వేర్ అల్లుడికి చరిత్ర ఏం తెలుస్తుందిలే అని ఆయనకు గట్టి నమ్మకం. ఆయన నోట ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని నాకు పిచ్చి. అందుకే ముగ్గురికీ ఆ గుడి ఉన్న సిసిలీ దీవికి టికెట్లు బుక్ చేశాను. పదకొండు రంగుల్లో ఎక్సెల్ షీట్ తయారుచేశాను. చివరి రోజు పొద్దున్న గడిలో బంగారు రంగు వేసి "మామయ్యగారి గుడి" అని రాసుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. సముద్రం ఎదురుగా, కప్పు ఎగిరిపోయిన గుడి, బారులు తీరిన స్తంభాలు. మామయ్యగారు దూరం నుంచే స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను మాత్రం మెట్ల దగ్గరికి వెళ్లగానే, ఆలోచించకుండా, షూస్ విప్పి పక్కన పెట్టేశాను. ముప్పై ఏళ్ల అలవాటు మరి, మెట్లు, స్తంభాలు కనిపిస్తే చాలు, కాళ్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.

మామయ్యగారు తటపటాయించారు. ఆయనకు మడమ నొప్పి. మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వేయొద్దని డాక్టరు చెప్పాడు.

"అల్లుడుగారూ, ఇక్కడ దేవుడు లేడు కదా, విప్పాలంటారా?"

పొరపాటున విప్పానని చెప్పొచ్చు. కానీ శభాష్ కోసం వచ్చినవాడిని కదా. "గుడి గుడే కదండీ" అన్నాను గంభీరంగా. ఆయన విప్పారు. ఆయనను చూసి శ్రావ్య కూడా విప్పింది. నీడలో చల్లగా ఉన్న మొదటి స్తంభం మీద చెయ్యి ఆనించి ఆయన పాఠం మొదలుపెట్టారు.

అంతలో ఒక టూరిస్టు బస్సు దిగింది. అందరూ ఒహాయో రాష్ట్రం నుంచి వచ్చిన రిటైరైనవాళ్లట. ముందు నడుస్తున్న ఒక పెద్దావిడ మా మూడు జతలను చూసి, చెప్పులు విప్పడం ఇక్కడ రూలా అని మర్యాదగా నన్ను అడిగింది. మామయ్యగారు నావైపే చూస్తున్నారు. ఇప్పుడు కాదంటే నా గాంభీర్యం ఏం కావాలి? అవునన్నాను.

"నీకు తెలుసా అసలు?" అంది శ్రావ్య నా చెవిలో.

"కాన్ఫిడెంట్‌గా చెబితే ఎవరూ అడగరు" అన్నాను. ఆఫీసు మీటింగుల్లో నేర్చుకున్న విద్య అది. పక్కవాళ్లకు వినపడకుండా చెప్పడం మాత్రం అక్కడ నేర్పలేదు.

పది నిమిషాల్లో మెట్ల ముందు మన సత్యనారాయణ వ్రతానికి పడినట్టు చెప్పుల గుట్ట పడింది. ఎండ ముదిరింది. రాళ్లు పెనంలా కాలాయి. నలభై మంది ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ గుడంతా ఎగురుతున్నారు. కాపలావాడు పరుగున వచ్చి ఎవరు చెప్పారని అడిగాడు. నలభై వేళ్లు నావైపు తిరిగాయి. ఇక్కడ పూజలు ఆగిపోయి వందల ఏళ్లయింది, ఎవరి కోసం విప్పారని అతను నన్ను అడిగాడు. నేను పదకొండు రంగుల షీట్ తీసి బంగారు గడి చూపించాను.

ఈలోగా బస్సు హారన్ కొట్టింది. అందరూ గుట్ట మీద పడి అందినవి తొడుక్కుని పరిగెత్తారు. చివరికి మిగిలినవి నా జత, శ్రావ్య జత, ఎవరివో చిన్న సైజు గులాబీ రంగు చెప్పులు. మామయ్యగారి మెత్తటి చెప్పులు బస్సెక్కి వెళ్లిపోయాయి. నా షూస్‌లో ఆయన పాదం సగం కూడా పట్టలేదు.

"పోన్లెండి, ఒక స్తంభం ముట్టుకున్నాగా. వెళ్దాం పదండి" అన్నారు. కళ్లు మాత్రం గుడి అవతలి వైపే ఉన్నాయి. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

షూస్ తొడుక్కుని ఆయన ముందు వంగాను. "ఎక్కండి మామయ్యగారూ."

కాసేపు వద్దన్నారు, తర్వాత ఎక్కారు. ఎనభై కిలోల చరిత్ర నా వీపు మీదికి వచ్చింది. ప్రతి స్తంభం దగ్గరా ఆపించి, తడిమి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాకే కదలనిచ్చారు. చుట్టు పూర్తయింది. ఇక శభాష్ వస్తుందని చెవులు రిక్కించాను.

"గుడి గుడే అన్నారుగా అల్లుడుగారూ. ప్రదక్షిణలు మూడు."

రెండో చుట్టులో ఉండగా ఇంకో బస్సు వచ్చింది. ఒక నడివయసు ఆయన, పక్కనే భారీగా ఉన్న తన మామగారిని ఓసారి చూసుకుని, దిగులుగా నా దగ్గరికి వచ్చాడు. పెద్దవాళ్లను ఇలా మోయడం ఇక్కడ రూలా అని అడిగాడు.

తెలియదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే పైనుంచి మామయ్యగారు ఇంగ్లీషులో, అచ్చం నా గాంభీర్యంతోనే, అవునన్నారు. తర్వాత వంగి నా చెవిలో మెల్లగా అన్నారు. "శభాష్ అల్లుడూ. కాన్ఫిడెంట్‌గా చెబితే ఎవరూ అడగరు."

అందుచేత సకల దేవతల సాక్షిగా, ఖాళీగా ఉన్న గుళ్ల సాక్షిగా కూడా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చెప్పులు విప్పే ముందు లోపల దేవుడున్నాడో లేడో కనుక్కుంటాను. తెలియనిది ఎవరడిగినా తెలియదనే అంటాను. ముఖ్యంగా, ఎనభై కిలోల మామగారు వెంట ఉన్నప్పుడు.