కొనని మిషను

డయాలసిస్ మొదలయ్యాక నా భార్య నాలుగేళ్లు బతికింది. రెండేళ్లు బతుకుతుందని నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. కానీ ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది వద్దనుకోవాలన్నా దాన్ని బట్టే నడుచుకున్నాను. అలా వద్దనుకున్న వాటిలో ఒకటి ఎంబ్రాయిడరీ మిషను.

ఆమె మగ్గం పని చేసేది. చుట్టుపక్కల పది ఊళ్ల పెళ్లి జాకెట్లు మా ఇంటికే వచ్చేవి. మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్య కొబ్బరితోటల్లో ఉంటుంది. నేను టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. పొద్దున్న నేను బస్సుకి బయల్దేరేసరికి ఆమె మగ్గం ముందు కూర్చునేది. చెక్క చట్రానికి బట్ట బిగించి, కుడిచేత్తో పైనుంచి కొక్కెం సూది దించేది. ఎడమచెయ్యి బట్ట కింద ఉండి, దిగిన సూదికి దారం అందించేది. చూసేవాళ్లకి కుడిచెయ్యే కనిపిస్తుంది. కింద చెయ్యి ఆగితే పైన ఒక్క కుట్టు కూడా పడదు.

మాది ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానం; రక్తపరీక్షలో కిడ్నీ పాడైన లెక్క చెప్పే క్రియాటినిన్ అనే మాటని మేము పూర్తిగా అనం. నెంబరు అంటాం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు అడుగుతారు, పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు అడుగుతారు. నెంబరు పెరిగిందని తెలిస్తే ఇల్లు కడుతున్నవాడు శ్లాబు ఆపేస్తాడు. జీడితోట కౌలుకి తీసుకుందామనుకున్నవాడు మానుకుంటాడు. తగ్గాక చూద్దామంటారు. అది తగ్గేది కాదని అందరికీ తెలుసు. అయినా అదే మాట. ఆమె మొదటిసారి మిషను సంగతి ఎత్తినప్పుడు, అన్ని పుస్తకాలు చదివిన నేను కూడా ఆ మాటే అన్నాను.

"నెంబరు కొంచెం తగ్గనీ. కొందాం."

తగ్గలేదు. ఏడాది తిరక్కముందే డయాలసిస్ తప్పదన్నారు. దానికోసం చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వెయ్యాలి. ఆపరేషనుకి ముందు డాక్టరు అడిగాడు, ఏ చేత్తో పనిచేస్తావమ్మా అని. ఆమె కుడిచేత్తో అంది. అన్నం తినేదీ, కత్తెర పట్టేదీ, సూది పట్టేదీ కుడిచేత్తోనే కాబట్టి అలా అంది. పక్కనే ఉన్న నేనూ తలూపాను. ఎడమచేతికి వేశారు.

బరువెత్తొద్దని, ఆ చేతికి బీపీ చూపించుకోవద్దని చెప్పారు. జాగ్రత్తగానే ఉంది. కానీ కాసేపు బట్ట కింద పెట్టేసరికి ఆ చేతి వేళ్లు చల్లబడి మొద్దుబారిపోయేవి. దారం పట్టుకున్నదీ వదిలినదీ తెలిసేది కాదు. ఒక పూట పని వారం పట్టింది. అప్పుడు మిషను మాట మళ్లీ ఎత్తింది. ఈసారి అది సరదా కాదు. మిషను ఉంటే బట్ట బిగించి, రంగు దారాలు మార్చి, చూసుకుంటూ కూర్చుంటే చాలు. లేకపోతే ఆమె పని అక్కడితో ఆగిపోతుంది.

పలాసలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. డయాలసిస్ లేని రోజు చూసుకుని వెళ్లాం. మిషను బల్లమీద పెట్టగలిగేంత చిన్నది. దుకాణం అమ్మాయి పెన్‌డ్రైవ్ గుచ్చి, ఒక నెమలిని ఎంచుకుని మీట నొక్కింది. సూది దానంతటదే కుట్టుకుంటూ పోయింది. నా భార్య నెమలిని పెద్దగా చూడలేదు. బట్ట తిరగేసి వెనకవైపు చూసింది.

"జాకెట్టు చెయ్యి మొత్తం ఒక్క ఫ్రేములో పడతాదేటమ్మా?"

"పడదు మేడం. రెండుసార్లు బిగించాలి."

"తీసి మళ్లీ బిగిస్తే గీత కలుస్తాదా?"

"అలవాటైతే కలుస్తుంది మేడం."

"నీకు కలిసిందా?"

ఆ అమ్మాయి నవ్వేసింది. "నేను అమ్మడమే మేడం, కుట్టను. రెండేళ్లు వారంటీ ఉంది."

రెండేళ్లు అన్న మాట దగ్గర నేను వీధిలోకి చూశాను. కరపత్రం అడిగి తీసుకున్నాను. ఆలోచించుకుని వస్తామన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ఆలోచించాను. నా ఆలోచన అంటే చదవడమే. లైబ్రరీలో మధ్యాహ్నం జనం ఉండరు. కంప్యూటరు ముందు కూర్చుని మిషన్ల గురించి చదివేవాణ్ణి. ఇంటికి వచ్చి ఒక్కో కారణం చెప్పేవాణ్ణి. ఉప్పుగాలికి లోపలి భాగాలు తుప్పు పడతాయి. చెడిపోతే బాగుచేసేవాడు విశాఖపట్నం నుంచి రావాలి. తుఫాను వస్తే మన ఊళ్లో కరెంటు ఎన్నాళ్లకి వస్తుందో తెలియదు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఆమె ఒక్కొక్కటీ వినేది. "మరయితే కవరు కప్పుదాం," అనేది. "తుఫానొస్తే మీ బస్సు మాత్రం నడుస్తాదేటండి? ఉజ్జోగం మానేత్తన్నారా?" అనేది. నేను ఇంకో కారణం కోసం మళ్లీ చదివేవాణ్ణి.

ఆ కంప్యూటరులో, నా ఫోనులో, మిషన్లతో పాటు ఇంకొకటి చదివేవాణ్ణి. డయాలసిస్ మొదలైనవాళ్లు సగటున ఎన్నాళ్లు బతుకుతారని. ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. అన్నిటిలోకీ తక్కువది నేను నమ్మాను. మా వీధిలో పోయినవాళ్లని చూస్తే అదే సరిపోయింది.

ఒకరోజు మా అక్క వచ్చింది. భర్త పోయాక రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటోంది. మాట కటువు. నా భార్యకీ ఆమెకీ పెళ్లయిన నాటి నుంచీ పడదు. వసారాలో కూర్చుని కరపత్రం చేతిలోకి తీసుకుంది.

"ఏట్రా ఇది?"

"మిషను. కొనాలా వద్దా అని చూస్తున్నాను."

"సూడ్డానికేటుందిరా? ఎన్నాళ్లు కుడతాది నీ పెళ్లాం? ఉన్నన్నాళ్లు నోటికి రుసిగా ఏదో ఒండిపెట్టు. తరవాత ఆ మిసను ముందెవులు కూకుంటారు? నువ్వు కూకుంటావా? ఓలమ్మ, మా తమ్ముడు జాకెట్లు కుడతన్నాడు, కొలతలియ్యండర్రా అని ఊళ్లో సెప్పమంటావా?"

నేను నవ్వాను.

ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. అక్క మాట తీరే అంత, అలవాటుగా నవ్వొచ్చింది అనుకోవచ్చు. నేను అనలేని మాట ఆమె అనేసిందన్న తేలికతనం కూడా ఆ నవ్వులో ఉంది. లోపలి గదిలో కత్తెర చప్పుడు ఆగింది. కాసేపటికి నా భార్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి అక్కకి ఇచ్చింది.

"తాగు వదినా. గట్టిగా మాటాడేవు, గొంతు ఎండిపోయుంటాది."

అక్క గ్లాసు తీసుకుంది గానీ తాగలేదు.

మర్నాడు డయాలసిస్‌కి ఆటోలో వెళ్తున్నాం. మేమిద్దరమే ఉన్నాం. పలాస దగ్గరపడ్డాక ఆమె రోడ్డు వైపు చూస్తూనే అంది.

"నిన్న మీరు తానానికెళ్తే, మిసను వీడియో సూద్దామని మీ ఫోను తీసేను."

నా చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది.

"మీరు మిసను గురించి సదవట్లేదు."

"అది కాదు…"

"నాకు ఇంగిలీసు రాదు. డయాలసిస్ అన్న మాట ఎలాగుంటాదో తెలీదేటి? వారానికి మూడుసార్లు బోర్డు మీద సూత్తన్నాను. దాని పక్కన అంకెలున్నాయి. అంకెలకి ఇంగిలీసేటండి?"

వెంటనే నేను అన్నాను, ఇవాళే కొందామని. డయాలసిస్ అయ్యాక తిన్నగా దుకాణానికే వెళ్దామని. ఎంత గట్టిగా అన్నానంటే ఆటో నడిపేవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇప్పుడొద్దు," అంది. "నిన్నటి దాకా కావాలనిపించింది. ఇప్పుడా మిసను ముందు కూకుంటే నేను కుట్టను. రోజులు లెక్కెట్టుకుంటాను. మీరు లెక్కెట్టేరు, సాలు."

నేను బతిమాలాను. నాలుగైదు రోజులు బతిమాలాను. అయితే నా బతిమాలడంలోనూ ఒక ఉపశమనం ఉందని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఆమె వద్దంది కాబట్టి తప్పు నాది కాదు. నేను నిజంగా కొనాలనుకుంటే ఆమెని అడక్కుండా తెచ్చి ఇంట్లో పెట్టి ఉండేవాణ్ణి. ఫ్రిజ్ అలాగే తెచ్చాను. టీవీ అలాగే తెచ్చాను.

తర్వాతి వారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మగ్గానికి అటూ ఇటూ ఇద్దరున్నారు. ఈ పక్క నా భార్య కుడిచేత్తో సూది పట్టుకుని ఉంది. ఆ పక్క అక్క, చెయ్యి బట్ట కింద పెట్టి దారం అందిస్తోంది. ఎవరు పిలిచారో, ఎవరు వచ్చారో ఇద్దరూ చెప్పలేదు. ఒకరు పైన కుట్టి ఇంకొకరు కింద దారం ఇవ్వడం ఎక్కడా లేదు. రెండు చేతులూ ఒక మనిషివే కావాలి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో చెప్పుకుని చేసే పని కాదది. వాళ్లు చెప్పుకుంటూ, తిట్టుకుంటూ చేశారు.

"ఒదులొదినా."

"ఒదిలేను కాదేటే."

"సూది పైకొచ్చేక ఒదిలేవు. ముందొదలాల."

"ఓలమ్మ, నీ సూదికి ఏలుముద్దర కావాలంటే సెప్పు, ఏలే గుచ్చుకుంటాను."

"గుచ్చుకున్నాది సాలు. తెల్లబట్ట, రగతం మరకైతే పెళ్లోరు ఊరుకోరు."

మొదటి జాకెట్టుకి నెల పట్టింది. కుట్లు వంకరపోయాయి. తొడుక్కున్నావిడ ఏమీ అనలేదు గానీ మళ్లీ రాలేదు. ఆరు నెలలకి చేతులు కలిశాయి. అయినా పాత వేగం రాలేదు. పెళ్లి జాకెట్లు క్రమంగా ఇంకోచోటికి పోయాయి. ఎందుకంటే మా ఊళ్లోనే ఒకావిడ అలాంటి మిషనే కొనుక్కుంది. రెండు రోజుల్లో జాకెట్టు ఇచ్చేసేది. మా ఇంటికి పూసలు ఊడినవీ, మిషను కుట్టు చివర దారం లేచినవీ వచ్చేవి. నా భార్య వాటిని సరిచేసి ఇచ్చేది.

మూడో ఏడు ఒక సాయంత్రం ఇంటికొస్తే ఆమె లేదు. ఆ మిషను కొన్నావిడ ఇంట్లో ఉందని అక్క చెప్పింది. వెళ్లాను. స్టూలు మీద కూర్చుని మిషను కుట్టడం చూస్తోంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో. నన్ను చూసి లేచింది. దారిలో అడిగాను, ఇప్పటికైనా తెద్దామా అని.

"ఎందుకండీ, నెంబరు తగ్గిందేటి?"

నవ్వుతూనే అంది. ఆ మాట నాకు తగలాలనే అంది. ఇంటికి వచ్చాక ఒక్క మాట అదనంగా చెప్పింది, ఆ మిషనుకి గీత కలుస్తోందని. దగ్గరుండి చూసిందట.

నాలుగో ఏడు నిండుతుండగా, చలికాలంలో, డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయి ఆమె చనిపోయింది. మగ్గం మీద ఒక జాకెట్టు ఉండిపోయింది. ఒక చెయ్యి పూర్తయింది, రెండోది మొదలుపెట్టలేదు. పదకొండో రోజు తర్వాత జాకెట్టు తాలూకు వాళ్లు వచ్చి మొహమాటంగా అడిగి తీసుకెళ్లారు. రెండో చెయ్యి మిషను మీద వేయించారు. అక్క వాళ్ల పెళ్లికి వెళ్లొచ్చి, రెండు చేతులూ కలవలేదురా అంది. చీకటి పడేదాకా మా వసారాలోనే కూర్చుంది.

ఆమె గురించి మంచి మాటలు రాయడం తేలిక. వాటి వెనక నేను దాక్కోగలను. అందుకే ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. రెండేళ్లకని లెక్క వేసి నేను వద్దనుకున్న మిషను మీద ఆమె దాదాపు నాలుగేళ్లు కుట్టి ఉండేది. నా లెక్క సరిపోయి, ఆమె రెండేళ్లకే పోయి ఉంటే నేను తెలివిగా ఉన్నానని అనుకునేవాణ్ణి. అది ఇంకా అన్యాయం.

ఫ్రిజ్‌లో రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు నాలుగు మిగిలిపోయాయి. ఎవరికైనా పనికొస్తాయని, ఐసు ఫ్లాస్కులో పెట్టి పలాస తీసుకెళ్లాను. నర్సు వాటి తేదీ చూసి, బయట బల్ల మీద కూర్చున్న ఒక మనిషిని చూపించింది. ఆయన భార్య లోపల ఉంది, మొదలుపెట్టి మూడు నెలలయిందట. సముద్రం మీద వేటకెళ్లే మనిషి. రెండు చేతులతో ఫ్లాస్కు తీసుకుని పక్కన కూర్చోమన్నాడు. కాసేపు ఊళ్ల గురించి మాట్లాడుకున్నాం.

"మాయావిడ గ్రైండరు కొనమంటంది బాబూ," అన్నాడు. "పెద్దది. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాదట. ఇంట్లో కూకోనేనంటాది."

"కొనెయ్."

"కొందామనే ఉన్నాది." ఫ్లాస్కు మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. "మీ ఇంట్లో ఆవిడ ఎన్నేళ్లున్నారు బాబూ, ఇది మొదలెట్టేక?"

చెప్పకూడదని తెలుసు. ఎన్నేళ్లని చెప్పినా దాంతో గ్రైండరు ఖరీదుని భాగిస్తాడు. చెప్పకపోతే ఇంకా తక్కువ అనుకుంటాడు.

"నాలుగేళ్లు," అన్నాను.

"నాలుగా," అన్నాడు. తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. లోపలినుంచి ఆయన భార్య ఎవరితోనో పిండి రేటు గురించి గట్టిగా వాదిస్తున్నట్టు వినపడుతోంది.

నేను ఫ్లాస్కు కూడా ఆయనకే వదిలేసి లేచాను.