శ్రీవల్లి మాటలు పోయిన ఏడాది

ఇసుక ట్రాక్టరు వెనక్కి వస్తోంది. డ్రైవరు మెడ తిప్పి ఒక పక్కకే చూస్తున్నాడు. రెండో పక్క, సరిగ్గా చక్రం వచ్చే దారిలో, ఐదేళ్ల శ్రీవల్లి గొంతుక్కూర్చుని గులకరాళ్లు ఏరుకుంటోంది.

"వల్లీ! లెగు! లెగే!" అని అర్జునరావు అరుగు మీంచి కేకేశాడు. ఆ కేకకి వీధి చివరి కుక్క లేచి నిలబడింది. పిల్ల మాత్రం తల తిప్పలేదు. అతను ఒక్క దూకు దూకి, రెక్క పట్టుకుని పక్కకి లాగేశాడు. చక్రం ఆ రాళ్ల మీదుగా వెళ్లిపోయింది.

భయమంతా కోపమైంది. వీపు మీద ఒక్కటి వేశాడు. "సెవులు లేవేటే నీకు? గొంతు సించుకుంటన్నాను కదా!"

శ్రీవల్లి ఏడవలేదు. తండ్రి పెదాలవంక చూసింది. భాష తెలియని ఊళ్లో దారి తప్పినవాళ్లు ఎదుటి మనిషిని చూసినట్టు చూసింది. కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో అర్జునరావుకి తెలియలేదు.

అర్జునరావు పద్మనాభం మండలంలో వరి పండించే ఇంట పుట్టాడు. అన్నదమ్ములు పంచుకున్న పొలం తిండిగింజలకే సరిపోతుందని పెళ్లికి ముందే గ్రహించి, విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. కోడి కూయకముందే బండి తీయాలి. వేటకెళ్లే బోట్లలోకి ఐసు దిమ్మలు మరలో పొడి చేసి పంపాలి. కంప్రెసర్ హోరులో పక్కవాడి మాట వినబడదు కాబట్టి ఆ ఫ్యాక్టరీలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు.

ఆ హోరు చెవుల్లో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి శ్రీవల్లి వాకిట్లోనే పట్టుకునేది. "ఇయ్యాల ఏ సేపలొచ్చాయి నాన్నా? కవళ్లా? కానాగంతలా? నాకెందుకు తేలేదు?" బండి స్టాండు వేసేలోపు పది ప్రశ్నలు. ఆ పిల్ల నోటికి ఊరంతా భయపడేది.

నాలుగో ఏడు దాటాక, ఒక వానాకాలంలో, ఆ నోరు నెమ్మదించింది. ఏం చెప్పినా "ఆఁ?" అనేది. తరవాత పిలిస్తే పలకడం మానేసింది. వచ్చిన మాటలు ముక్కలయ్యాయి, ముక్కలు అరుపులయ్యాయి, చివరికి అమ్మా అని కూడా అనలేదు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నాడు. ఇంకోచోట పావుగంట చూసి ఆటిజం అన్నారు, రోజూ తీసుకురమ్మన్నారు. కొన్నాళ్లు తిప్పినా పిల్లలో మార్పు లేదు. మరోచోట మొండితనం అన్నారు. ఇంట్లో అర్జునరావు తల్లి రామలక్ష్మమ్మకి ఎవరి మాటా అక్కర్లేదు. "ఆ సెల్లుఫోను సేతికిచ్చి గుంటని పాడుసేసింది నా కోడలు" అని వీధిలో అందరికీ చెప్పేది. ఆ కోడలు మహేశ్వరి ఆవిడ సొంత తమ్ముడి కూతురే. అయినా నోరు ఆగలేదు. మహేశ్వరి ఎదురు చెప్పలేదు. అన్నం మాత్రం సగం సగం తినేది.

ట్రాక్టరు సంగతి జరిగిన మర్నాడే ఆలూమగలు పిల్లని తీసుకుని మధురవాడలో పిల్లల పునరావాస కేంద్రానికి వెళ్లారు. అపార్టుమెంట్ల వెనక మేడ. లోపల ఒక పిల్లాడు కాళ్లకి పట్టీలు కట్టుకుని కమ్మీ పట్టుకు నడుస్తున్నాడు. మెడ నిలవని పాప ఒకతి, బెల్టులున్న కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మహేశ్వరి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బావా, ఎల్పోదాం. మన పిల్ల ఇలాగ లేదు కదా."

"వచ్చాం కదా, సూపించేసి ఎల్దాం" అన్నాడు. అతని కాళ్లూ వెనక్కే లాగుతున్నాయి.

మాటల థెరపిస్టు జ్యోతిర్మయి నేల మీద చాప వేసుకుని కూర్చుంది. పిల్ల వెనక చిన్న గంట మోగించింది. శ్రీవల్లి తిరిగింది. పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. ఈసారి నోరు మెదపకుండా, గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు చేయి ఆడించింది. శ్రీవల్లి పరుగున వెళ్లి తల్లి సంచిలోంచి నీళ్ల సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆటలతో పనులు నేర్పే హేమశ్రీ బొమ్మని దుప్పటి కింద దాచితే, వెతికి తీసి, అందరి మొహాలూ చూసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కళ్లు ఒకచోట నిలబడిపోయాయి. రెప్పపాటు అంతే, మళ్లీ ఆటలో పడింది.

జ్యోతిర్మయి, హేమశ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్జునరావు ముందుకి జరిగాడు. "ఏటండీ? ఏటి సూశారు?"

"అందరం కలిసి కూర్చుని మాట్లాడతాం. మీరూ ఉండాలి" అంది జ్యోతిర్మయి.

ఆ కేంద్రంలో వారానికోసారి అందరూ ఒకే బల్ల చుట్టూ చేరతారు. ఆ వారం నరాల డాక్టరు శ్రీరామ్మూర్తి, మనస్తత్వ నిపుణురాలు, హేమశ్రీ, జ్యోతిర్మయి ఒకపక్క, అర్జునరావు దంపతులు ఒకపక్క కూర్చున్నారు. తప్పు చేసి పంచాయతీకి వచ్చినట్టు అనిపించింది అర్జునరావుకి.

"ఈ పాపకి చప్పుడు వినబడుతోంది సార్. మాట మాత్రం మాటగా అందట్లేదు" అంది జ్యోతిర్మయి.

"ఆటలో మనల్ని కలుపుకుంటోంది. కళ్లలోకి చూస్తోంది. ఆటిజం అని నేను ఒప్పుకోలేను" అంది హేమశ్రీ.

డాక్టరు తల్లివైపు తిరిగాడు. "నిద్రలో నోరు వంకర పోవడం గానీ, చెయ్యి కొట్టుకోవడం గానీ చూశారా అమ్మా?"

"లేదండి" అన్నాడు అర్జునరావు.

మహేశ్వరి తల దించుకుంది. "సూశానండి. బుగ్గ ఎగురుతాది. సొంగ కారతాది. కలొచ్చిందేమో అనుకున్నాను. సెప్తే మా అత్త నన్నే అంటాదని ఎవులికీ సెప్పలేదు."

"ఏటే! ఇన్నాళ్లూ..." అర్జునరావు కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి" అన్నాడు శ్రీరామ్మూర్తి, గొంతు పెంచకుండానే. "ఆవిడ చూసింది కాబట్టే మనకో దారి దొరికింది. నిద్రలో మెదడు ఏం చేస్తోందో చూడాలి. తెల్లవారకముందే లేపేయండి. పరీక్ష గదికి వచ్చేదాకా కునుకు తీయనివ్వకండి. ఇక్కడ నిద్రపోవాలి."

ఐదేళ్ల పిల్లని చీకట్లో లేపి మెలకువగా ఉంచడం ఎలాగ? అర్జునరావుకి తెలిసిన చోటు ఒక్కటే. ఆటో మాట్లాడుకుని ముగ్గురూ హార్బర్‌కి వెళ్లారు. దీపాల కింద వేలంపాటలు, తట్టలెత్తే ఆడవాళ్లు, తడి సిమెంటు మీద మెరిసే చేపలు. అంత గోలలో శ్రీవల్లి కళ్లింత చేసుకుని నిలబడింది. తూరుపు తెల్లబడేసరికి రెప్పలు వాలాయి. అర్జునరావు ఐసు ముక్క ఒకటి అరచేతిలో పెట్టాడు. పిల్ల కెవ్వుమని నవ్వి ఆ చేతిని తండ్రి మెడకి ఆనించింది. మధురవాడ వెళ్లే దారంతా మహేశ్వరి తడిగుడ్డతో దాని మొహం తుడుస్తూనే ఉంది. పిల్ల తల వేలాడిపోతోంది, ఏడుస్తోంది, తల్లిని గిల్లుతోంది. "పాపం సేత్తన్నాం బావా" అంటూ మహేశ్వరీ ఏడ్చింది.

తీరా గదిలోకి వెళ్లాక నిద్ర ఎగిరిపోయింది. తలకి జిగురు రాసి తీగలు అంటిస్తుంటే శ్రీవల్లి ప్రాణం పోయినట్టు అరిచింది. ఇది నొప్పి పెట్టదమ్మా అని చెప్పడానికి ఆ పిల్లకి మాటలు చేరవు కదా. అంటించిన తీగలు పీకేసింది. టెక్నీషియను గడియారం చూశాడు. "నిద్రపోకపోతే ఇవాళ్టికి కుదరదండీ. మళ్లీ ఇంకో రోజు రావాలి."

మళ్లీనా! అర్జునరావు పళ్లు బిగించి పిల్ల చేతులు పట్టుకున్నాడు. అప్పుడే లోపలికొచ్చిన జ్యోతిర్మయి ఆ చేతులు విడిపించింది. ఆమె చంకలో గుడ్డబొమ్మ ఉంది. బొమ్మ తలకి తీగ అంటించి పడుకోబెట్టింది. ఇంకో తీగ మహేశ్వరి నుదుటికి, ఇంకోటి అర్జునరావు బట్టతల మీద. శ్రీవల్లి వెక్కుతూనే చూసింది. తండ్రి గుండు మీద వేలాడే తీగ చూసి కిసుక్కున నవ్వింది. కాసేపటికి తన తల తానే వంచింది.

మహేశ్వరి పక్కన పడుకుని వీపు మీద నెమ్మదిగా తడుతోంది. పాట పాడలేదు. పిల్ల ఊపిరి బరువెక్కింది. తెర మీద అప్పటిదాకా సన్నగా ఊగుతున్న గీతలు, నిద్ర పట్టిన మరుక్షణం, రంపం పళ్లలా పైకి లేచాయి. ఆగలేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకి అలలు అలలుగా వస్తూనే ఉన్నాయి. టెక్నీషియను డాక్టరుకి ఫోను చేశాడు.

"మెదడులో కరెంటు పగలు కాస్త నెమ్మదిగా ఉండి, నిద్రపోగానే రెచ్చిపోతోంది" అని చెప్పాడు శ్రీరామ్మూర్తి. "మాటని పోల్చుకునే చోటే ఈ తుపాను. ఇదో రకం మూర్ఛ. పాప తప్పు కాదు, మీ తప్పూ కాదు."

"తగ్గుతాదాండీ?"

"తుపానుకి మందులున్నాయి. మాటలు ఎంతవరకు తిరిగొస్తాయో మాత్రం ఇవాళ చెప్పలేను. చెప్తే అబద్ధమవుతుంది."

స్టెరాయిడ్లు మొదలయ్యాయి. వాటితోపాటు ఫిట్స్ మందు, వారం వారం రక్తపోటు చూడటం, జ్యోతిర్మయి దగ్గర బొమ్మల చీటీలు, హేమశ్రీ దగ్గర ఆటలు. "మాట వచ్చేదాకా ఊరుకోకండి. చేతులతో మాట్లాడండి" అంది జ్యోతిర్మయి. ఆ పని అర్జునరావుకి కొత్తకాదు. ఆగు అంటే పిడికిలి పైకి, అయిపోయింది అంటే రెండు అరచేతులు దులపడం. ఫ్యాక్టరీ సైగలన్నీ వాకిట్లోకి వచ్చాయి. పిడికిలి ఎత్తితే శ్రీవల్లి రోడ్డు అంచున టక్కున ఆగేది. రామలక్ష్మమ్మ మాత్రం మండిపడింది. "మాటాడే పిల్లని మూగదాన్ని సేసేత్తారేటిరా!"

వారాలు గడిచాయి. పిల్ల మొహం గుమ్మడిపండులా ఉబ్బింది. తీరని ఆకలి, అంతులేని కోపం. ఒకరోజు తల్లి చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. మాట మాత్రం ఒక్కటి లేదు. రామలక్ష్మమ్మ సంచి సర్దేసింది. ఎక్కడో పసరు పోసే మనిషి ఉన్నాడట. ఆ పూట మందు వేయకుండానే అర్జునరావు కేంద్రానికి వచ్చాడు, వెంట తల్లి, భార్య, పిల్ల.

"మందాపేత్తన్నామండి. ఈ మొకం సూడండి. నా పిల్లేనా ఇది? ఏటి బాగుసేశారు మీరు?"

జ్యోతిర్మయి చేతిలోని బొమ్మల చీటీలు కింద పెట్టేసింది. "ఎప్పటినుంచి ఆపారు?"

"ఇయ్యాల పొద్దుట్నుంచి."

"అర్జునరావు గారూ, ఈ మందు ఒక్కసారిగా ఆపితే పిల్ల ప్రాణం మీదకొస్తుంది. కోపం నా మీద తీర్చుకోండి. ముందు మందు వేయండి."

అతను కదల్లేదు. అంతలో మహేశ్వరి అత్త చేతిలోని సంచి లాక్కుని, అడుగునున్న మాత్రలు తీసి, బెల్లం ముక్కలో పెట్టి పిల్ల నోట్లో వేసింది. అత్త ముందు ఆమె అంత గట్టిగా ఏ పనీ చేయడం అర్జునరావు చూడలేదు. "తిట్టుకో అత్తా. తరవాత పడతాను" అంది.

డాక్టరు కిందికి దిగి వచ్చాడు. కబురు వెళ్లి హేమశ్రీ వచ్చింది. రక్తపోటు చూశారు, బరువు చూశారు. మర్నాడు చీకటుండగానే లేపి తెమ్మని మళ్లీ నిద్ర పరీక్ష చేయించారు. రెండు పరీక్షలూ పక్కపక్కన పెట్టి డాక్టరు రామలక్ష్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఇదేటి బాబూ, సముద్రమా?"

"మీ మనవరాలి నిద్ర అమ్మా. ఇది మొదటిసారి వచ్చినప్పటిది. ఇది ఇవాళ్టిది."

రామలక్ష్మమ్మ గీతల వెంట వేలు పోనిచ్చింది. మొదటి దానిలో గీతకి గీతకి సందు లేదు. రెండోదానిలో అక్కడక్కడ మాత్రమే పళ్లు. "ఇంత గాలివానలో పడుకునేదా నా తల్లి!" అని పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇక నుంచి మోతాదు కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో డాక్టరు ఆవిడకే రెండుసార్లు చెప్పాడు.

మొదటి మాట మురిపెంగా రాలేదు. ఒక మధ్యాహ్నం రామలక్ష్మమ్మ పెరుగన్నం ముద్ద మీద ముద్ద కుక్కుతుంటే, శ్రీవల్లి ఆ చెయ్యి తోసేసి "వద్దు" అంది.

"ఏటన్నావే?"

"వద్దు! వద్దు!"

ఎంగిలి చేత్తోనే ముసలావిడ వీధిలోకి పరిగెత్తింది. "వద్దంటాదర్రా! మా గుంట వద్దంటాది!"

ఆ తరవాత దారి తిన్నగా లేదు. కొన్నాళ్లకి పెద్ద జ్వరం వచ్చి, వచ్చిన మాటల్లో సగం మళ్లీ పోయాయి. మళ్లీ మందు, మళ్లీ ఉబ్బిన మొహం, మళ్లీ అదే భయం. ఈసారి ఎవరూ ఎవర్నీ నిందించలేదు. బుగ్గ ఎగిరిందా లేదా అని ముగ్గురూ వంతులు వేసుకుని చూశారు. మాటలు తిరిగొచ్చాయి, కొన్ని వంకరగా, కొన్ని ఆలస్యంగా.

బడి తెరిచే రోజుల్లో అర్జునరావు ఊళ్లోని స్కూలుకి తీసుకెళ్లాడు. హెడ్మాస్టరు నీలకంఠం ముందే జ్యోతిర్మయితో ఫోనులో మాట్లాడి ఉన్నాడు. అయినా పిల్లని తన ఎదురుగా నిలబెట్టి, మొహం కనబడేలా వంగి, నిదానంగా అడిగాడు.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

శ్రీవల్లి నోరు తెరిచింది, మూసింది. గదిలో ఫ్యాను చప్పుడు. జవాబు అర్జునరావు నాలుక చివర ఉంది. మీరు అందించకండి, ఆగండి అని జ్యోతిర్మయి వందసార్లు చెప్పింది. అతను కిటికీ ఊచ పట్టుకుని ఆగాడు.

"ఇడ్లీ" అంది శ్రీవల్లి. నుదురు ముడిచింది. "కాదు... ఉప్మా."

నీలకంఠం తల ఊపి, ముందు బల్లలో చోటు ఇస్తానన్నాడు. అర్జునరావు బయటికొచ్చి జ్యోతిర్మయికి ఫోను చేశాడు. తప్పు చెప్పిందండీ, మళ్లీ తనే దిద్దుకుందండీ అని చెప్పబోయి, "ఇడ్లీ కాదండి..." దగ్గరే ఆగిపోయాడు.

"వింటున్నాను, చెప్పండి" అంది అవతల నుంచి ఆమె.

శ్రీవల్లికి ఇప్పుడు ఏడేళ్లు. మందు ఇంకా ఉంది. ఆరు నెలలకోసారి నిద్ర పరీక్ష ఉంది, దానికి ముందురోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. గట్టిగా గోలగా ఉన్నచోట మాటలు తికమకపడతాయి. కోపమొస్తే మాత్రం ఏ తికమకా లేదు. మొన్న తండ్రి బండి స్టాండు వేస్తుంటే వాకిట్లోనే నిలదీసింది.

"కవళ్లు తెత్తానన్నావ్. తేలేదేటి?"