ఆర్పని కర్పూరం

కర్నూలులో ఒక శెట్టిగారింట్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. అంట్లు తోమి, బట్టలు ఉతికి, ఇల్లంతా తుడిచేదాన్ని. దేవుడి గది ఒక్కటే నేను తుడవని చోటు. నన్నెవరూ రావద్దనలేదు, గడప దాకా తుడిచి నేనే ఆగిపోయేదాన్ని. నేను ప్రభువును నమ్ముకున్నదాన్నని, ఆదివారం పనికి రానని చేరినరోజే చెప్పాను. ఆ ఇంటి అమ్మ సరేనంది. మంచిదే ఆమె. నాకు జ్వరమొస్తే కాఫీ తనే కలిపిచ్చేది.

ఒకరోజు వాళ్ల పాప బంగారు కమ్మలు కనపడలేదు. బీరువాలు దులిపారు, పరుపులు తిరగేశారు. దొరకలేదు. వంటామె, డ్రైవరు, నేను, ముగ్గురం వీధి చివరి ఆంజనేయస్వామి గుడిలో కర్పూరం ఆర్పాలన్నారు. పోలీసుల దాకా పోకుండా తేల్చుకోవడానికి మా వైపు అదొక పద్ధతి. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తీయలేదని ప్రమాణం చేస్తే ఇంకెవరూ అడగరు. వంటామె ఆర్పింది. డ్రైవరు ఆర్పాడు. నా వంతు వచ్చింది.

"నేను తీయలేదమ్మా. కర్పూరం మాత్రం ఆర్పను," అన్నాను.

"తీయకుంటే ఆర్పేదానికి ఏమే భయం?" అంది అమ్మ.

"భయం కాదు. మేము ఒట్లు పెట్టుకోము."

"సరే, మీ దేవుని పుస్తకం మీదన్నా చెయ్యి పెట్టి చెప్పు."

అదీ పెట్టనన్నాను. ఉన్నమాట చెప్పి ఊరుకోవాలి, దానికి దేవుణ్ణి సాక్ష్యానికి గుంజకూడదు అని మా అమ్మ నేర్పింది. గుడి మెట్ల మీద, పదిమంది చూస్తుండగా, అదెలా వివరించాలో నాకు తెలియలేదు. ఇద్దరు దేవుళ్లకూ భయపడ్డ దొంగలా కనిపించి ఉంటాను. అమ్మ నా మొహం చూడకుండా రేపట్నుంచి రావద్దులే అంది.

వారం తిరక్కుండా ఆ వీధిలోనే నేను పనిచేసే మిగతా రెండిళ్లవాళ్లూ పనికి వద్దన్నారు. ఆ వీధిలో మా ఆయన ఆటో ఎక్కేవాళ్లు కరువయ్యారు.

"ఒక్క బిళ్ల గదనే. ఆర్పేసి రా. నీ మనసు దేవునికి తెలీదా?" అన్నాడు ఆయన.

"తెలుసు. అందుకే ఆర్పను," అన్నాను.

నోటితో అన్నానంతే, లోపల ఆ గట్టితనం లేదు. అన్నం సయించేది కాదు. ప్రార్థనకు మోకరిస్తే దేవుడితో పోట్లాట వచ్చేది. "నువ్వు చూస్తానే ఉండావు గదా ప్రభువా. ఒక్కరికన్నా చెప్పొచ్చు గదా," అనేదాన్ని. అన్నందుకు మళ్లీ నేనే ఏడ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక కొట్లో కర్పూరం కొనుక్కుని ఆ గుడికి పోయాను. తలుపులు వేసి ఉన్నాయి. కాలే మెట్ల మీద తలుపులు తీసేదాకా కూర్చున్నాను. చెమటకు గుప్పిట్లో బిళ్ల మెత్తబడింది. నేను ఆర్పితే వీళ్లు నమ్మేది కర్పూరాన్ని కదా, నా మాటను కాదు కదా అనిపించింది. నన్ను నమ్మించుకోవడానికి నా ప్రభువును దాచిపెడితే ఇక నాకు మిగిలేదేముంది? పూజారి తలుపు తీయగానే లేచి వచ్చేశాను. ఎంత కడిగినా చేతికి ఆ వాసన వదల్లేదు. ఈ సంగతి మా ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. గట్టిగా నిలబడ్డావని మా చర్చి సంఘంలో అంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలకు అమ్మ మా ఇంటికి వచ్చింది. కమ్మలు దొరికాయట. పాపకు జ్వరం తగ్గనప్పుడు అమ్మ అత్తగారు వాటిని పసుపు గుడ్డలో ముడుపు కట్టి మహానందికి మొక్కుకుంది. మొక్కు తీరేదాకా ఎవరికీ చెప్పకూడదని ఆ పెద్దామె పట్టింపు. ఆ తర్వాత కడపలో కూతురింటికి పోయింది. ఇంట్లో దొంగతనమంటే బెంగపడుతుందని ఈమె అత్తకు చెప్పలేదు. పెద్దామె తిరిగొచ్చి, మహానందికి బయల్దేరదామని ముడుపు చేతికి తీసుకునేసరికి సంగతి తేలింది. అన్నాళ్లూ అది దేవుడి గదిలోనే ఉంది.

నాకు సంతోషం రాలేదు. ఒళ్లు మండిపోయింది.

"రేపట్నుంచి పనికి రా," అంది అమ్మ. "నీ మీద ఒట్టు, ఇంకెప్పుడూ నిన్ను అనుమానించను." అంటూ నా నెత్తిన చెయ్యి పెట్టబోయింది.

ఆ చెయ్యి పట్టుకుని దించాను. "ఒట్టు వద్దమ్మా. ఆ పొద్దు గుడికాడ శానామంది ఉండ్రి గదా. ఆడికే వచ్చి, ఇది దొంగ కాదని ఉత్తినే చెప్పు. చాలు."

"అత్త పేరు బయటికొస్తాది గదే," అంది మెల్లగా.

చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆమె గుడికాడికి రాలేదు, నేను పనికి పోలేదు. ఆ వీధిలో నేనింకా దొంగనే.