బావ ఎవరి కొడుకు

మా అక్కకు సంబంధం వచ్చినప్పుడు మా అవ్వ అడిగిన మొదటి మాట, "పిల్లోడు యాడోడు?" హిందూపురం వాళ్ళ పిల్లవాడే అన్నారు. "హిందూపురమోడైతే మాటమాటకూ ఆ అండి అండి ఏంది మల్ల?" అని ఆమె అనుమానం. ఆ బుద్ధి నాకూ వచ్చిందని ధర్మవరంలో మా వీధంతా అంటారు. వచ్చిందే. ఎవరైనా నన్ను చూసి రెండుసార్లు నవ్వితే, మూడోసారి ఎందుకు నవ్వుతున్నాడా అని చూస్తాను. అందుకు నేనేం సిగ్గుపడను. నాకు అనుమానం నేర్పిన మనుషులు అట్లాంటివాళ్ళు.

బావ తండ్రిది హిందూపురమే. మా ధర్మవరం పట్టుచీరలు మూటగట్టుకొని కోస్తా ఊళ్ళలో తిరిగి అమ్మేవాడట. ఆ తిరుగుడులోనే యానాంలో మా కులం వాళ్ళ పిల్లను పెళ్ళాడి హిందూపురం తెచ్చుకున్నాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఆమె యానాం వెళ్ళింది. బావ అక్కడే పుట్టాడు. పిల్లవాడు పాలు మరవకముందే ఇక్కడ తండ్రి జ్వరంతో పోయాడు. ఆమె మళ్ళీ ఈ వైపు రాలేదు. ఆమె కూడా పోయాక, మీసాలొచ్చే వయసులో బావ ఒక్కడే హిందూపురం వచ్చి, తండ్రికి అన్న అయిన పెదనాయన ఇల్లు వెతుక్కున్నాడు.

పెదనాయన అన్నం పెట్టాడు. ఇంట్లో మాత్రం ఉండనివ్వలేదు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే ఒక షావుకారు దగ్గర పనికి కుదిర్చాడు. ఎంత మంచివాడో అని అందరూ మెచ్చుకున్నారు. అక్క పెళ్ళికి మగపెళ్ళివారి పెద్దగా వచ్చి కూర్చోమంటే మాత్రం నడుము పట్టేసిందని కబురు పంపాడు. "నడుము కాదు, ఆయప్పకు బుద్ధి పట్టేసింది," అంది అవ్వ. అప్పుడు మేము నవ్వుకున్నాం.

బావ మంచివాడు. ఇది చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది, ఎందుకంటే అంత మెత్తగా మాట్లాడేవాళ్ళను నేను నమ్మను. మోచేతుల దాకా ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ పూసుకొని ఇంటికొచ్చి, ఆ చేతులతో అక్క చీర కొంగు పట్టుకోబోతే ఆమె కేకలు పెట్టేది. నన్ను కూడా "మీరు భోంచేశారా అండి" అనేవాడు, తనకన్నా చిన్నదాన్ని. ఏదో కావాలి కాబోలు ఈ మనిషికి అనుకునేదాన్ని. ఆయనకు కావలసింది ఒక ఇల్లు. అది మా ఇంట్లో దొరికింది.

ఇంతలో యుద్ధమొచ్చింది. సీమదేశాల నుంచి ఓడల్లో వచ్చే రంగులు కరువయ్యాయి. అనుమతి లేకుండా రంగు డబ్బాలు దాచకూడదన్నారు. షావుకారు తన డబ్బాలు కొన్ని తెచ్చి మా ఇంట్లో బావ ఉండే గదిలో పెట్టించాడు. నాలుగు రోజులుంచు, తీసుకుపోతానన్నాడు. పోలీసులు సరిగ్గా ఆ గదికే వచ్చారు. ఎవరు చెప్పి పంపారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఒక్కరిని కాదు, వీధిలో సగం మందిని అనుమానించాను.

కేసు పెనుకొండ కోర్టులో. ఆ రోజుల్లో చిన్న కేసంటే మా వైపు ఒకటే పద్ధతి. దీపం లేకుండా బండి తోలినా, గొర్రె పరాయి చేలో పడినా, తప్పయిందని ఒప్పుకొని, జుల్మానా కట్టి, మధ్యాహ్నం రైలుకు ఇంటికి రావడమే. షావుకారు పెట్టిన ప్లీడరు కూడా అదే చెప్పాడు.

"కొట్లాడితే వాయిదాలకు తిరగల్లప్పా. ఒప్పేసుకో, అయిపోతాది."

"డబ్బాలు నావి కావు కదండీ," అన్నాడు బావ.

"ఎవరివైతే ఏమి? జుల్మానా కట్టేది నువ్వు కాదు గదా."

బావ ఒప్పుకున్నాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు అడిగితే, అందరిలాగే చెప్పాడు. యానామండి అన్నాడు. జుల్మానా షావుకారు కట్టాడు. ఆ పూట అక్క ఓళిగలు చేసింది. పీడ వదిలిందని మేమంతా కడుపునిండా తిన్నాం.

తర్వాత కొన్ని వారాలకు హెడ్ కానిస్టేబులొకడు ఇంటికొచ్చాడు. అక్కకు అప్పుడు ఆరో నెల. యానాం ఫ్రెంచివాళ్ళ రాజ్యంలోది, ఇది ఇంగ్లీషువాళ్ళది, నీ మొగుడు పరాయి దేశస్థుడు, పరాయి దేశస్థుడు ఇక్కడ నేరం చేశాడని కోర్టులో తేలింది కాబట్టి వెళ్ళగొడుతున్నారు అని చెప్పాడు.

"తెలుగు మాట్లాడే మనిషి పరాయి దేశమోడెట్లయితాడు సార్?" అని అక్క అడిగింది.

"అది నన్నడగొద్దమ్మా. నేను చెప్పను వచ్చినోన్ని."

నాయన, బావ ప్లీడరు దగ్గరకు పరుగెత్తారు. తోడుగా నేనూ వెళ్ళాను, ఆయన ముఖం చూడాలని. "ఆడ పుట్టినానని నాకు ముందే ఎందుకు చెప్పలేదప్పా? తెలిసుంటే ఒప్పుకోమని చెప్తానా? షావుకారును బోనెక్కించి ఉంటే కేసు కొట్టేసేవాళ్ళు," అన్నాడాయన. "మీరు అడగలేదు కదండీ," అన్నాడు బావ. ఒప్పుకున్నాక ఒప్పుకోలేదనడానికి ఇక వీల్లేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. జుల్మానాతో పోతుందన్న నోటితోనే ఆ మాట అంటున్నాడు.

ఒకే దారి మిగిలిందన్నాడు. బావ తండ్రి ఇక్కడివాడని రుజువైతే బావ కూడా ఇక్కడివాడే. తల్లిదండ్రుల పెళ్ళి జరిగింది యానాంలో, పిల్లవాడు పెరిగింది యానాంలో. తండ్రి పోయాడు, తల్లి పోయింది. ఇరుగుపొరుగు మాట చాలదు, రక్తసంబంధం ఉన్నవాళ్ళే చెప్పాలట. ఈ పిల్లవాడు నా తమ్ముని కొడుకు అని చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

ముగ్గురం హిందూపురం వెళ్ళాం. పెదనాయన మాకు మజ్జిగ ఇప్పించి, తలుపు దగ్గరకు వేసి కూర్చున్నాడు. అంతా విన్నాడు. విని, బావను కాదు, నాయనను చూసి మాట్లాడాడు.

"నేను కచేరీలో నా తమ్ముని కొడుకే అని చెప్తా అనుకో. రేపు మీ అల్లుడు ఈ ఇంట్లో సగం నాది అంటాడు. మా నాయన కట్టించిన ఇల్లప్పా ఇది."

"నాకేమీ వద్దండి," అన్నాడు బావ. "వద్దని రాసిచ్చేస్తాను. ఇప్పుడే రాయించండి."

పెదనాయన నవ్వాడు. అంత తెలివైన నవ్వు నేను చూడలేదు. "వద్దని రాయల్లంటే ముందు హక్కు ఉండల్ల గదా? నువ్వు రాసిస్తే, నేను తీసుకుంటే, నువ్వు నా తమ్ముని కొడుకువని నేనే ఒప్పుకున్నట్ల కాదా? నువ్వు ఊరుకుంటావు. ఆ కడుపులో ఉండేవాడు పెద్దోడై వచ్చి, మా తాత వాటా యాడ అంటే?"

ఇంకా పుట్టని బిడ్డను కూడా అనుమానించాడు. అనుమానంలో అవ్వకూ నాకూ అతని ముందు ఓనమాలు రావు. ఇంటికొచ్చి చెబితే అవ్వ ముఖం ఎర్రబడింది. "నేనూ అనుమానించినా వాన్ని. అన్నం పెట్టి, మంచమేసి అనుమానించినా. ఇదేం బుద్ధి?" అంది.

అయినా పెదనాయనను పిలిపించమని నాయన అర్జీ పెట్టించాడు. చెప్పిన రోజుకు పెనుకొండ వెళ్ళాం. ఎనిమిదో నెలలో అక్క కూడా వచ్చింది, ఎవరు వద్దన్నా వినలేదు. నిండు కడుపుతో ఎదురుగా నిలబడితే అతను అబద్ధం ఎట్లా ఆడతాడో చూస్తానంది.

అతను అబద్ధం పెద్దగా ఆడలేదు. "నాకు తమ్ముడొకడుండె సామీ. దేశాలు తిరిగి పోయినాడు. ఆడ పెండ్లి చేసుకున్నాడో లేదో నేను కండ్లతో చూసింది లేదు. ఈ పిల్లోడు వచ్చి పెదనాయనా అనె. పాపమని అన్నం పెడ్తి. అంతకుమించి నాకు తెల్లేదు."

అర్జీ విచారించే అధికారి పెదనాయన ముఖం, బావ ముఖం మార్చి మార్చి చూశాడు. అతనికీ అనుమానమే వచ్చింది, కానీ అతని అనుమానం మాకు పనికొచ్చేది కాదు. తెలియదన్న మనిషి చేత తెలుసనిపించడం అతని పని కాదు. ఉత్తరువు ఖాయమైంది. ఆ మధ్యాహ్నం రైలుకే కానిస్టేబులును తోడిచ్చి పంపుతామన్నారు. అక్క నేనూ యానాం పోతానంది. "ఆడ కంటే బిడ్డ కూడా ఆ దేశందే అయితాదమ్మా," అన్నాడు ప్లీడరు. ఈసారి ముందే చెప్పాడు. అక్క యానాం మాట మానుకుంది.

పెనుకొండ స్టేషనులో మేమంతా ధర్మవరం వైపు బండి కోసం నిలబడ్డాం. పెదనాయన హిందూపురం బండి కోసం నిలబడ్డాడు. కాసేపు దూరంగా తిరిగాడు. తర్వాత, కానిస్టేబులు నీళ్ళు తాగడానికి అటు వెళ్ళిన సందులో, చేతిలో ఒక పొట్లంతో మా దగ్గరకొచ్చాడు.

"దోవలో తిను నాయనా. దూరం పోయేవానివి," అన్నాడు. "అచ్చం మీ నాయన మాదిరే నిలబడతావు నువ్వు."

నాకు ఆ పొట్లం అతని ముఖాన కొట్టాలనిపించింది. బావ రెండు చేతులా తీసుకున్నాడు. "వెళ్ళొస్తాను పెదనాయనగారూ," అని, దాన్ని అక్క చేతికిచ్చి, ఆయన కాళ్ళకు దండం పెట్టుకోవడానికి వంగాడు. అప్పుడే కానిస్టేబులు మూతి తుడుచుకుంటూ తిరిగి వస్తున్నాడు. పెదనాయన అతన్ని చూశాడు. చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

బావ చేతులు నేలకు తగిలాయి. ఎనిమిదో నెల కడుపుతో అక్కే వంగి, భుజం పట్టి ఆయన్ను లేపింది.