గురువారం జంపఖానా

మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో, ద్రాక్షతోటల నడుమ ఉండేది ఆ కాలేజీ. దాని క్యాంటీన్‌లో నేను పద్నాలుగేళ్లు వంట చేశాను. ఎన్ని వాయిలు ఇడ్లీ దించానో చెప్పలేను గానీ, తొంభైల చివర్లో ఒక్క ఏడాది గురువారాలు మాత్రం ఒక్కొక్కటీ చెప్పగలను. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి చాయ్‌లో చక్కెర తక్కువైందో కూడా.

గురువారం మధ్యాహ్నం మూడింటికి కరెంటు కోత. వర్క్‌షాప్‌లో యంత్రాలు ఆగితే ఇక ఆ పూట పిల్లలకు చదువు లేనట్టే. కొందరు బస్సెక్కి సుచిత్ర చౌరస్తా దాకా సినిమాకు పోయేవాళ్లు. ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతె మాత్రం ఇంటి నుంచి ఎర్రచారల జంపఖానా తెచ్చి క్యాంటీన్ వెనక వేపచెట్టు కింద పరిచింది. వాళ్లది కీసర పక్క ఊరు, నాయినకు పెద్ద ద్రాక్షతోట. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

"ఇగ గురువారం గురువారం ఈడ కూసుందం. మన ఊర్లు మన కాళ్ల మీద ఎట్ల నిలవడాలె, మనకు పని యాడికెల్లి రావాలె, గది మాట్లాడుదం," అంది.

మొదటిసారి నలుగురొచ్చారు. మూడోవారానికి పన్నెండుమంది. అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఒక కళ్లద్దాల అబ్బాయి. కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. లేచి నిలబడ్డాడంటే దేశాలన్నీ తిరిగి రావాల్సిందే. ఒకరోజు ఆ అమ్మాయికి ఒళ్లు మండింది.

"అరే, బుక్కుల ఉన్నదంత అప్పజెప్తున్నవేంది? గందుల నీది ఏమున్నది?"

ఆ పూటే ఒక నియమం పెట్టారు. మాట్లాడాలనుకునేవాళ్లు ముందుగా జంపఖానా మధ్యలో ఒక వస్తువు పెట్టాలి. సైకిల్ మీద పోయి వచ్చేంత దూరంలో తయారైనది కావాలి. చేసిన మనిషి ఎవరో చెప్పాలి. అది చెప్పలేకపోతే నోరు మూసుకుని వినాలి.

మరుసటి వారం చూడాలి వాళ్ల పరేషాన్! పెన్ను ఇక్కడిది కాదు, దువ్వెన కాదు, చెప్పులు కాదు. సంచులు బోర్లించి వెతికారు. చివరికి నా వంటింటి మీద పడ్డారు.

"అక్కా, అక్కా, నీ కాడ ఈడ జేసింది ఏమన్న ఉన్నదా?"

చాట ఇచ్చాను. నీళ్ల కుండ ఇచ్చాను. ఈతాకు చీపురు, బావి తాడు, మా ఆయన గొంగడి. చాట అల్లినామె పేరు, ఆమె ఇంటి ముందు గేదె ఎటు కట్టేసి ఉంటుందో కూడా చెప్పి పంపాను. వాళ్లు పోయి అదే జంపఖానా మీద చెప్పి, మాట్లాడే హక్కు సంపాదించుకునేవాళ్లు.

ఒకసారి ఆ అమ్మాయి తమ తోట ద్రాక్ష గుత్తి తెచ్చి పెట్టింది. కళ్లద్దాల అబ్బాయి వదల్లేదు.

"గిది చెల్లది. మొక్క బయటిది, పందిరి తీగ బయటిది, కొట్టే మందు బయటిది. మీ నాయిన పెట్టింది ఏముంది, మీసం దప్ప?"

"కోసే చేతులు ఈడియి కావారా? నీళ్లు ఈడియి కావా? అట్లయితే మీ నాయిన ఫ్యాక్టరీల చేసే సామాను ఎవలది? ఇనుము ఈడ పండుతదా?"

చీకటి పడేదాకా కొట్లాడుకుని, ఆ గుత్తి తినేసి లేచారు.

నేను చాయ్ కెటిల్ పట్టుకుని జంపఖానా అంచుకు అవతల నిలబడేదాన్ని. నాలుగో తరగతిలో పలక అటకెక్కించి మేకల వెంట పోయినదాన్ని. అయినా ఒక్కసారి ఆ చారల మీద కూర్చుని, నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలని ఎంత ఉండేదో. ఎవరైనా కూర్చోమంటారేమోనని గ్లాసులు నెమ్మదిగా ఏరేదాన్ని. ఎవరూ అనలేదు. నా చాట ఉంది అక్కడ, నా కుండ ఉంది, నేను లేను.

దీపావళి దాటాక ఒక వారం ఎవరో మోదుగు విస్తరి పెట్టారు. అదీ నేనిచ్చిందే, గుట్ట కింది ఊళ్లో మా పెద్దమ్మ కుట్టింది. దాన్ని చేతులు మార్చి చూసి అందరికీ హుషారొచ్చింది. శివరాత్రికి జరిగే కీసర జాతర అయిన వారంలో కాలేజీ వార్షికోత్సవం. ఆ రోజు భోజనాలన్నీ విస్తర్ల మీదే పెట్టించాలన్నారు. ప్రిన్సిపాల్ కూడా సరేనన్నాడు.

"ఎండినయి వద్దు. రెండు దినాల ముందు పచ్చాకు దెంపిచ్చి కుట్టిద్దాం. పచ్చగ మెరుస్తుంటే సూసినోళ్లు దంగైపోవాలె," అంది అమ్మాయి.

నా చేతిలో కెటిల్ ఆగిపోయింది. జాతర నాటికి మోదుగు చెట్టు మీద ఏముంటుందో మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ జంపఖానా మీద నేనేం పెట్టలేదు కదా. చదువుకున్న పిల్లలు, ఆలోచించే ఉంటారులే అనుకున్నాను. నిజం రాయాలంటే అదొక్కటే కాదు. నన్ను ఒక్క మాట అడగలేదన్న కోపం కూడా ఉంది. చాయ్ పోసి వచ్చేశాను.

జాతర అయిపోయింది. ఇల్లు చూపించమని నన్ను కూడా తీసుకుని నాలుగు బండ్ల మీద మా పెద్దమ్మ దగ్గరికి పోయారు. పెద్దమ్మ అరుగు మీద వక్క నములుతోంది.

"అవ్వా, వెయ్యి విస్తర్లు గావాలె. పచ్చాకుయే గావాలె," అంది అమ్మాయి.

"ఎవల పెండ్లి బిడ్డా?"

"పెండ్లి గాదవ్వా, కాలేజీల పండుగ."

"గుట్ట మీదికి సూసినవా?"

అందరూ తలలెత్తి చూశారు. గుట్టంతా మోదుగు పూలు, నిప్పంటుకున్నట్టు. ఒక్క ఆకు లేదు.

"మీ కాలేజోళ్లు పువ్వుల దింటరా ఏంది?" అని పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే నావైపు చెయ్యి చూపించింది. "గీమె నా చెల్లె బిడ్డనే గదా. గీమెకు తెల్వదా? జెప్పలేదా మీకు?"

పిల్లలందరూ నావైపు తిరిగారు. అప్పుడు తల దించినదాన్ని కాలేజీ చేరేదాకా ఎత్తలేదు.

కళ్లద్దాల అబ్బాయి సుచిత్రకు పోయి కాగితం ప్లేట్లు తెచ్చాడు. వార్షికోత్సవం నాడు ఆ అమ్మాయి స్టేజీ మీద మన కాళ్ల మీద మనం నిలబడటం గురించి మాట్లాడుతుంటే, వెనక వరసల్లోంచి అరుపులు. "ఓ మోదుగు పువ్వూ, ఆకు యాడబాయె?" ఆ పేరు ఆమెకు అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చింది. నా పక్కన కూర్చుని కత్తిపీట లాక్కుని ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది.

"నీకు ఎరికేనా అక్కా?"

"ఎరికే బిడ్డా."

"మరెందుకు జెప్పలే?"

"నేను జంపఖానా మీద ఏం బెట్టలే గద."

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగింది. ఉల్లిగడ్డ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. "గా రూల్ బెట్టిన నన్ను గొట్టాలె," అంది. మళ్లీ తనే, "గురువారం నువ్వు రావాలె. ఇంకోళ్లు జేసింది తేకు. నువ్వు జేసిందే తే."

మూడు రోజులు ఇల్లంతా వెతికాను. చాట వేరేవాళ్లది, కుండ వేరేవాళ్లది. చివరికి అటక మీద నేనే కుట్టిపెట్టిన విస్తర్ల కట్ట కనిపించింది. పెద్దమ్మ చేయంత నేర్పు లేదు, పుల్లలు వంకర. అందులోంచి ఒకటి తీసుకుపోయి జంపఖానా మధ్యలో పెట్టాను. "చేసింది నేనే," అన్నాను. ఆ రోజు కెటిల్ పట్టుకుని చాయ్ పోసింది కళ్లద్దాల అబ్బాయి.

ఫాల్గుణంలో చెట్లెలా ఉంటాయో, ఊళ్లో ఎవరికి ఏ పని ఉంటుందో చెప్పాను. ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది.

"గిదంత సరే. ఆకు ఎప్పుడు తెంపాలె, గది ముందు జెప్పు అక్కా."

"దాని నెల రానీ బిడ్డా. వరుసగ జెప్త," అన్నాను.

ఎందుకన్నానంటే, వారానికి ఒక నెల చెబితే పన్నెండు గురువారాలు నాకు అక్కడ చోటుంటుందని.

చైత్రంలో చింతచిగురు, జ్యేష్ఠంలో విత్తనాల ఎంపిక, భాద్రపదంలో షామీర్‌పేట చెరువు చేపలు, ఆశ్వయుజంలో గుట్టల మీద సీతాఫలాలు, అలా కార్తీకం దాకా వచ్చాం. తొమ్మిది గురువారాల్లో తొమ్మిది నెలలు. అంతలో పరీక్షలు. పోయేరోజు నోటుబుక్కు తను తీసుకుని, జంపఖానా నా చేతిలో పెట్టింది.

"మూడు నెలలు బాకీ అక్కా. జూన్ల వచ్చి రాసుకుంట."

జూన్‌లో కాలేజీ జనరేటర్ కొన్నది. గురువారం కోత ఉన్నా యంత్రాలు ఆగలేదు. ఆ గంటల్లో కంప్యూటర్ క్లాసులు పెట్టారు. వేపచెట్టు కింద స్కూటర్లు నిలిపారు. ఆ అమ్మాయికి పుణెలో ఉద్యోగమొచ్చిందని ఎవరో చెప్పారు. తర్వాత నాలుగైదేళ్లకు ద్రాక్ష పందిళ్లు పీకి ఇళ్ల ప్లాట్లకు తెల్లరాళ్లు పాతడం మొదలైంది. వాళ్ల నాయిన తోట కూడా పోయిందని విన్నాను. పెద్దమ్మ ఊరి గుట్టను కంకర క్రషర్ సగం తినేసింది. పెద్దమ్మ కూడా లేదు.

జంపఖానా ఏడాదికోసారి ఉతికి ఆరేస్తాను. ఒక మూల చాయ్ మరక పోదు. కళ్లద్దాల అబ్బాయి పోస్తుంటే ఒలికింది అక్కడే, నేను కూర్చున్న దగ్గర. మూడింటికి ఎప్పుడైనా కరెంటు పోతే ఇప్పటికీ చెవులు అటే పోతాయి.

మిగిలిన నెలలు ఇవి బిడ్డా. నోటుబుక్కు ఉంటే రాసుకో. మార్గశిరంలో ఆకు ముదురుతుంది, పురుగు తగ్గుతుంది. పొద్దున్నే మంచు మీద తెంపితే చినగదు. పుష్యంలో నీడన ఆరబెట్టి, రాయి బరువు పెట్టి, కుట్టి కట్టలు కట్టుకోవాలి. మాఘంలో ఆకు రాలిపోతుంది. ఆ తర్వాత ఎవరినడిగినా దొరకదు.